మచ్చు, ఆది, కత్తెర: అంతర్వేది – నరసాపురం తీరంలో బట్ట కత్తిరింపు చరిత్ర

సంగ్రహం

కుట్టుపని చరిత్రను సాధారణంగా సూది, దారం, కుట్టుమిషను కేంద్రంగా రాస్తారు. కుట్టడానికి ముందు జరిగే కత్తిరింపు ఆ చరిత్రలో మరుగున పడుతుంది. బట్టను ఏ రూపంలో, ఏ కొలతలో ముక్కలు చేయాలో నిర్ణయించే దశ అదే. ఆ నిర్ణయానికి ఆధారమైన నమూనా ఎవరి వద్ద ఉంటే ఉత్పత్తిపై అధికారం వారి చేతికి చేరుతుంది. వశిష్ఠా గోదావరి సాగరసంగమ ప్రాంతమైన అంతర్వేది – నరసాపురం పరిసరాల వస్త్రచరిత్రను ఈ దృష్టితో పరిశీలించి, ఇటీవల ఇళ్లలోకి ప్రవేశిస్తున్న బట్ట కత్తిరింపు యంత్రాన్ని ఆ చరిత్రలో భాగంగా అంచనా వేయడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: అంతర్వేది, నరసాపురం, మాదపోలం, లేసు పరిశ్రమ, చేతిపని, అతుకుపని, ఆది జాకెట్టు, కత్తిరింపు యంత్రం, గృహశ్రమ.

1. ఉపోద్ఘాతం

గోదావరి పాయలలో ఒకటైన వశిష్ఠ అంతర్వేది వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. మాఘమాసంలో జరిగే లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవం వల్ల ఈ గ్రామం తెలుగువారందరికీ పరిచితం. పరిపాలన రీత్యా ఇది సఖినేటిపల్లి మండలంలో, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఉంది. నదికి ఆవలి గట్టున పశ్చిమగోదావరి జిల్లాకు చెందిన నరసాపురం పట్టణం ఉంది. సఖినేటిపల్లి రేవు నుంచి పంటుపై ఏరు దాటితే నరసాపురం చేరుకోవచ్చు. జిల్లాల సరిహద్దు నది మధ్యగా సాగినప్పటికీ వర్తకం, కూలిపని, బంధుత్వాలు రెండు గట్లనూ కలిపే ఉంచాయి. కాబట్టి వస్త్రచరిత్ర విషయంలో ఈ రెండు తీరాలను ఒకే ప్రాంతంగా పరిగణించడం సమంజసం.

ఈ ప్రాంత వస్త్రచరిత్రలో రెండు అంశాలు పరిశోధకుల దృష్టిని ఆకర్షించాయి. మొదటిది 17వ శతాబ్ది నాటి ఐరోపా కంపెనీల బట్టల వర్తకం. రెండవది 19వ శతాబ్దిలో మొదలై నేటికీ కొనసాగుతున్న లేసు పరిశ్రమ. ఈ రెండింటినీ విడివిడిగా చూసినప్పుడు కనిపించని ఒక సామ్యం, కత్తిరింపు అనే దశను మధ్యలో ఉంచి చూస్తే స్పష్టమవుతుంది. రెండు సందర్భాలలోనూ పని ఇంటిలో జరిగింది. నమూనా మాత్రం ఇంటి వెలుపల నిలిచింది. ఇంటిలోనే బట్టను కత్తిరించే యంత్రం అందుబాటులోకి వచ్చిన ఈ కాలంలో ఆ స్థితి మారుతుందా అనే ప్రశ్నకు చరిత్ర నుంచి కొంత సమాధానం లభిస్తుంది.

2. కత్తెర పుట్టని చోట: మగ్గం, చెరగు, బొంత

తెలుగువారి ప్రధాన వస్త్రాలైన చీర, పంచె, ఉత్తరీయం, తువ్వాలు మగ్గం మీదనే పూర్తి రూపం పొందుతాయి. వాటి పొడవు, వెడల్పు, అంచు, కొంగు నేతలోనే నిర్ణీతమవుతాయి. వాటిని ధరించడానికి కత్తెర అవసరం లేదు. కోనసీమలో అమలాపురం సమీపంలోని బండారులంక, అంతర్వేదికి చేరువలోని మోరి వంటి నేతగ్రామాలలో నేతగాడే రూపకర్త కూడా. పడుగు పొడవును నిర్ణయించిన క్షణంలోనే చీర పొడవు నిర్ణయమైపోతుంది.

అయితే ప్రాచీన భారతదేశంలో కుట్టిన వస్త్రాలు లేవనే అభిప్రాయం సరికాదు. అమరకోశం కుట్టుపనివానికి తున్నవాయుడు, సౌచికుడు అనే పేర్లను, కత్తెరకు కర్తరి, కృపాణి అనే పేర్లను పేర్కొన్నది. తెలుగులోని కత్తెర అనే మాట కర్తరి నుంచే వచ్చింది. పారశీక మూలం గల దర్జీ అనే మాట తరువాతి కాలంలో చేరింది. తెలంగాణ ప్రాంతంలో మేర కులస్థులకు కుట్టుపని వృత్తిగా స్థిరపడింది. కాబట్టి కత్తెర తెలుగునాట కొత్తది కాదు. కత్తిరించని వస్త్రం నిత్యవ్యవహారంలో ప్రధానంగా ఉండటం, కత్తిరింపు కొందరి వృత్తిగా పరిమితం కావడం మాత్రమే ఇక్కడి విశేషం.

ఇంటిలో స్త్రీలు చేసే కుట్టుపనికి ప్రతినిధిగా బొంతను చెప్పుకోవచ్చు. పాతచీరలు, పాతపంచెలు పొరలుగా పేర్చి, చిరిగిన చోట మరొక ముక్క వేసి కుట్టే బొంతలో ముక్క ఆకారానికి ముందస్తు నియమం లేదు. దొరికిన ముక్కే కొలత. నూలుబట్టను పడుగు వెంటగాని పేక వెంటగాని చించితే సూటిగా చిరుగుతుంది కాబట్టి చాలాసార్లు కత్తెర అవసరమే రాదు. బట్టలకొట్టులో వర్తకుడు కూడా అంచున చిన్న గాటు పెట్టి బట్టను చించి ఇవ్వడం అందరికీ తెలిసిందే. పొందిక లేనిదాన్ని ‘అతుకుల బొంత’ అనడం తెలుగు నుడికారం. ఆ నుడికారం వెనుక ఉన్న వస్తువులో మాత్రం ఒక స్వాతంత్ర్యం ఉంది. బొంతకు నమూనా లేదు. ఉన్నా అది కుట్టే స్త్రీ మనసులోనే ఉంటుంది.

3. మాదపోలం: మచ్చు ప్రకారం బట్ట

నరసాపురం చెంతనున్న మాధవాయపాలెం ఆంగ్లేయుల నోట మాదపోలంగా మారింది. 17వ శతాబ్దిలో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకస్థావరం నెలకొల్పింది. సమీపంలోని పాలకొల్లులో డచ్చివారు స్థావరం ఏర్పరచుకున్నారు. నరసాపురం పరిసరాలు అప్పటికే ఓడల నిర్మాణానికి పేరుపొందాయి. సముద్రం నుంచి ఈ రేవులకు వచ్చే నౌకలకు అంతర్వేది దగ్గరి నదీముఖమే ద్వారం.

ఈ వర్తకంలో ప్రధాన సరకు నూలుబట్ట. ఇక్కడి ఊరి పేరే ఒక బట్టరకానికి పేరుగా నిలిచింది. మెత్తని తెల్లని నూలుబట్టకు మాదపోలం అనే పేరు ఆంగ్ల నిఘంటువులలో స్థిరపడింది. తరువాతి కాలంలో లాంకషైర్ మరమగ్గాలపై నేసిన బట్ట కూడా అదే పేరుతో అమ్ముడుపోయింది. ఊరిలోని మగ్గాల ప్రాభవం తగ్గినా ఆ ఊరి పేరు మాత్రం మరొక దేశపు యంత్రాల బట్టపై కొనసాగడం వలసపాలనాకాలపు వస్త్రచరిత్రకు ఒక సంక్షిప్తరూపం.

కత్తిరింపు దృష్ట్యా ఈ వర్తకంలో రెండు విషయాలు గమనార్హం. కోరమండల్ తీరం నుంచి ఎగుమతి అయిన లాంగ్‌క్లాత్ వంటి బట్టలు సుమారు 35 నుంచి 40 గజాల పొడవైన తానులుగా ఉండేవి. అవి యథాతథంగా ధరించడానికి నేసినవి కావు. సముద్రం ఆవల చొక్కాలుగా, లోదుస్తులుగా, దుప్పట్లుగా కత్తిరించడానికి నేసినవి. తాను అంతటా వెడల్పు, నేత ఒకే తీరుగా ఉండాలనే నియమానికి ఆ కత్తిరింపే ప్రధాన కారణం. చీర నేసే నేతగానికి వస్త్రం పూర్తి రూపం తెలుసు. ఎగుమతి తాను నేసే నేతగానికి ఆ బట్ట చివరకు ఏ రూపం పొందుతుందో తెలియవలసిన అవసరం లేకపోయింది.

రెండవది మచ్చు. కంపెనీ వర్తకులు తమ వద్ద ఉంచుకున్న మచ్చుబట్టతో నేతగాళ్లు తెచ్చిన తానులను పోల్చి, తరగతులుగా విభజించి, సరిపోనివాటికి ధర తగ్గించేవారు లేదా తిరస్కరించేవారు. నేత నేతగాని ఇంటిలోనే జరిగేది. మగ్గం అతనిది, నైపుణ్యం అతనిది. బట్ట మంచిదో కాదో తేల్చే మచ్చు మాత్రం వర్తకుని పెట్టెలో ఉండేది. పనిముట్టు ఎవరిదనే ప్రశ్నకంటే నమూనా ఎవరిదనే ప్రశ్న ముఖ్యమని ఈ తీరపు చరిత్ర మొదటిసారి తెలియజేసిన సందర్భం ఇది.

4. లేసు పరిశ్రమ: చేతిపని, అతుకుపని

1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఆంగ్ల మిషనరీలు భారతదేశానికి వచ్చి, నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా గోదావరి డెల్టా మిషన్ పనిని ప్రారంభించారు. ఈ ప్రాంతంలో లేసుపని 19వ శతాబ్దిలో మిషనరీ కుటుంబాల స్త్రీల ద్వారా ప్రవేశించిందన్నది స్థూలంగా అంగీకృతమైన విషయం. మొదట దళిత క్రైస్తవ కుటుంబాల స్త్రీలు దీనిని నేర్చుకున్నారు. 20వ శతాబ్దిలో వర్తకం విస్తరించే కొద్దీ ఇల్లు దాటి కూలికి వెళ్లడం గౌరవభంగంగా భావించే కాపు కుటుంబాల స్త్రీలు కూడా ఇందులోకి వచ్చారు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా వ్యవసాయం విస్తరించిన తరువాత భూవసతిగల కుటుంబాలలో ఘోషా పాటించడం ప్రతిష్ఠకు చిహ్నమైంది. ఇంటిలోనే కూర్చుని చేయగల లేసుపని ఆ సామాజిక నియమానికి అనుకూలించింది.

ఇక్కడ లేసు అని వ్యవహరించేది ప్రధానంగా క్రోషే అల్లిక. కొక్కెం గల చిన్న సూదితో దారాన్ని ముడులుగా అల్లే ఈ పనిలో కత్తిరింపు ఉండదు. పువ్వు, ఆకు, చక్రం వంటి రూపాలు అల్లిక క్రమంలోనే ఏర్పడతాయి. 1845 తరువాతి కరవు కాలంలో ఐర్లండులో వ్యాపించిన క్రోషేలో కూడా రూపాలను విడివిడిగా అల్లి, తరువాత వల వంటి నేపథ్యంతో కలిపేవారు. నరసాపురంలో ఈ విభజన ఒక శ్రమవ్యవస్థగా స్థిరపడింది. విడి పూలు, ముక్కలు అల్లడం చేతిపని. వాటిని ఒకటిగా కలపడం అతుకుపని. ఒక స్త్రీ ఏళ్ల తరబడి ఒకే రకం పువ్వును అల్లుతూ ఉండవచ్చు. ఆ పువ్వు చేరే బల్లగుడ్డను ఆమె ఎన్నడూ చూడకపోవచ్చు.

జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఈ ప్రాంతంలో క్షేత్రపరిశోధన చేసి 1982లో ప్రచురించిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ గ్రంథం ఈ వ్యవస్థను ప్రపంచ పరిశోధకుల ముందుంచింది. వర్తకులు, ఎగుమతిదారులు, దళారులు పురుషులు. అల్లేవారు దాదాపు పూర్తిగా స్త్రీలు. దారం దళారి ద్వారా ఇంటికి వచ్చేది. అల్లిన ముక్కలు దళారి ద్వారానే తిరిగి వెళ్లేవి. లక్షకు పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారని అంచనా ఉన్నప్పటికీ వారు గృహిణులుగానే పరిగణితులయ్యారు. వారి శ్రమ తీరిక సమయపు కాలక్షేపంగా భావింపబడింది. అందువల్లనే కూలి అతి తక్కువగా ఉండటం సాధ్యమైందని మీస్ వాదన.

ఆమె గ్రంథం ప్రధానంగా శ్రమ, కూలి, కుటుంబ వ్యవస్థలను చర్చించింది. ఈ వ్యాసం దృష్టిలో ఆ వివరాలకు మరొక పార్శ్వం ఉంది. లేసుపనిలో పనిముట్టు అతి చౌక. సూది ప్రతి స్త్రీకి సొంతం. నైపుణ్యం తల్లి నుంచి కూతురికి, పొరుగింటి నుంచి పొరుగింటికి ఉచితంగా చేరుతుంది. సొంత పనిముట్టు, సొంత నైపుణ్యం ఉన్నవారు స్వతంత్ర ఉత్పత్తిదారులు కావాలి. వారు అలా కాలేకపోవడానికి కారణం వస్తువు పూర్తిరూపాన్ని నిర్ణయించే నమూనా, కొలత, విపణి వారి చేతిలో లేకపోవడమే. 17వ శతాబ్దిలో నేతగానికి, మచ్చుకు మధ్య ఏర్పడిన దూరం 20వ శతాబ్దిలో పువ్వు అల్లే స్త్రీకి, బల్లగుడ్డకు మధ్య మళ్లీ ఏర్పడింది.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. కోనసీమ, పశ్చిమగోదావరి జిల్లాలు రెండూ ఈ గుర్తింపు పరిధిలో ఉన్నాయి. యంత్రనిర్మిత చైనా లేసు పోటీ వల్ల దెబ్బతిన్న హస్తకళకు ఇది కొంత రక్షణ. అయితే భౌగోళిక సూచిక కాపాడేది ప్రాంతం పేరును. ఆ పేరుతో అమ్ముడయ్యే వస్తువు రూపాన్ని ఎవరు నిర్ణయిస్తారనేది దాని పరిధిలోకి రాదు.

5. కుట్టుమిషను, ఆది జాకెట్టు

19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో సింగర్ కుట్టుమిషను భారతదేశంలో వ్యాపించింది. 1930లలో కలకత్తాలోని జై ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా పేరుతో స్వదేశీ మిషన్లను తయారుచేయడం మొదలుపెట్టింది. యంత్రాల పట్ల తీవ్ర విమర్శ గల గాంధీజీ కూడా సింగర్ మిషనును మినహాయించారు. భార్య చేతికుట్టు శ్రమను చూడలేక దాని నిర్మాత ఆ యంత్రాన్ని రూపొందించాడనే భావనతో, మనిషి పట్ల ప్రేమ నుంచి పుట్టిన యంత్రానికి ఉదాహరణగా 1924లో దానిని పేర్కొన్నారు. సింగర్ జీవితచరిత్ర ఆ భావనను బలపరచదు. అయినా ఇంటిలో స్త్రీ చేతికి వచ్చే యంత్రం, కర్మాగారంలో మనిషిని తొలగించే యంత్రం ఒకటి కాదనే ఆయన వివేచన నేటికీ విలువైనది.

కుట్టుమిషను సూదిపనిని వేగవంతం చేసింది. కత్తిరింపును తాకలేదు. పాశ్చాత్యదేశాలలో ఆ లోటును కాగితపు నమూనా కొంత పూరించింది. 1863లో అమెరికాలో ఎబెనేజర్ బటరిక్ వేర్వేరు కొలతలలో తయారుచేసి అమ్మిన కాగితపు నమూనాల వల్ల ఇంటి స్త్రీ దర్జీ సహాయం లేకుండా బట్ట కత్తిరించగలిగింది. తెలుగుదేశంలో అటువంటి నమూనాల విపణి ఏర్పడలేదు. దానికి బదులు మరొక పద్ధతి స్థిరపడింది. అదే ఆది జాకెట్టు.

కొత్త జాకెట్టు కుట్టించుకోవలసిన స్త్రీ తనకు చక్కగా సరిపోయిన పాత జాకెట్టును ఆదిగా దర్జీకి ఇస్తుంది. దర్జీ దానిని బట్టపై పరచి కొలతలు గ్రహించి కత్తిరిస్తాడు. ఆది అనే మాటకు మొదలు అని అర్థం. ఆ జాకెట్టు నిజంగానే తరువాతి జాకెట్లన్నింటికీ మొదలు. చరిత్రరీత్యా దీని ప్రాముఖ్యం ఇంతవరకు తగినంతగా గుర్తింపబడలేదు. మచ్చు వర్తకుని వద్ద ఉండేది. ఆది మాత్రం ధరించే స్త్రీ ఇంటిలో ఉంటుంది. పని ముగిశాక అది ఆమెకు తిరిగి చేరుతుంది. దర్జీ నచ్చకపోతే ఆమె ఆదిని మరొక దర్జీ వద్దకు తీసుకుపోగలదు. నమూనాపై అధికారం పనిచేయించుకునే స్త్రీదే.

తెలుగు దర్జీలు పాటించే మరొక అలవాటు కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. జాకెట్టు పక్కకుట్టు లోపల అదనంగా బట్ట వదిలి, రెండు మూడు వరసల కుట్లు వేస్తారు. ఏళ్లు గడిచి శరీరం మారినప్పుడు లోపలి కుట్టు ఒకటి విప్పితే అదే జాకెట్టు మళ్లీ సరిపోతుంది. కత్తిరింపులోనే భవిష్యత్తుకు చోటు ఉంచే విధానమిది. క్రాస్ కటింగ్ జాకెట్టులో బట్టను పడుగు, పేకలకు ఏటవాలుగా కత్తిరించి సాగుడు గుణం రాబట్టడం మరొక నైపుణ్యం. ఇవి గ్రంథాలలో నమోదైన విద్యలు కావు. పనిలో చేరి చూసి నేర్చుకునేవి. కుట్టు నేర్చుకున్న ఇంటి స్త్రీ కూడా చాలాకాలం కత్తిరింపు మాత్రం అనుభవజ్ఞులకే వదిలేయడానికి ఇదే కారణం. కుట్టు తప్పితే విప్పవచ్చు. కత్తిరింపు తప్పితే బట్ట పోతుంది.

6. కత్తిరింపు యంత్రం: కర్మాగారం నుంచి ఇంటికి

కత్తిరింపు యాంత్రికం కావడం కర్మాగారంలో మొదలైంది. 1858లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో జాన్ బారన్ చెక్కపొరలు కోసే పట్టీరంపం సూత్రంపై పట్టీకత్తి యంత్రాన్ని బట్టకు ఉపయోగించాడు. దానితో అనేక పొరలను ఒకేసారి కత్తిరించడం సాధ్యమై సిద్ధదుస్తుల పరిశ్రమ విస్తరించింది. 1888లో అమెరికాలోని బఫెలోలో ఈస్ట్‌మన్ కంపెనీ చేతితో నడిపించగల విద్యుత్ కత్తిని ప్రవేశపెట్టింది. 1960ల చివర జోసెఫ్ గెర్బర్ రూపొందించిన యంత్రంతో కంప్యూటరు ఆదేశాలపై బట్ట కత్తిరించడం మొదలైంది. ఇవన్నీ పెద్ద పెట్టుబడితో కూడిన యంత్రాలు. ఇంటికి చేరినది చిన్న పనిముట్టు. 1979లో జపానుకు చెందిన ఓల్ఫా సంస్థ గుండ్రని బ్లేడు గల చక్రకత్తిని తయారుచేసింది. దానివల్ల ముక్కల దుప్పట్ల పని చాలా సులువైంది.

21వ శతాబ్దిలో ఈ రెండు మార్గాలు ఒకటయ్యాయి. కాగితం, స్టిక్కరు కత్తిరించడానికి ఉద్దేశించిన బల్లమీది చిన్న యంత్రాలకు క్రమంగా బట్టను కత్తిరించే సామర్థ్యం వచ్చింది. 2017లో అమెరికాకు చెందిన క్రికట్ సంస్థ విడుదల చేసిన మేకర్ అనే యంత్రం చక్రకత్తితో మెత్తని బట్టను నేరుగా కత్తిరించగలిగింది. బ్రదర్, సిల్వెట్ వంటి ఇతర సంస్థల యంత్రాలు కూడా ఈ పనికి వాడుకలో ఉన్నాయి.

ఈ యంత్రం పనిచేసే తీరు తెలిస్తేగాని దాని శక్తిని, పరిమితిని అంచనా వేయడం కుదరదు. జిగురు పూసిన పలచని చాప మీద బట్టను ముడతలు లేకుండా అతికిస్తారు. యంత్రం చాపను ముందుకూ వెనుకకూ జరుపుతుంది. బ్లేడు పక్కలకు జరుగుతుంది. ఈ రెండు కదలికల కలయికతో ఏ వంపునైనా గీయవచ్చు. సాధారణ మొనబ్లేడు బట్టను తనతో లాగుతుంది కాబట్టి దానితో కత్తిరించాలంటే బట్ట వెనుక ఇస్త్రీతో అంటుకునే గట్టిపొర వేయాలి. చక్రకత్తి దొర్లుతూ నొక్కుతుంది కాబట్టి బట్ట కదలదు. కానీ చక్రం తిరగడానికి చోటు కావాలి. సుమారు ముప్పావు అంగుళం కంటే చిన్న రూపాలకు అది అనువు కాదు. చాప వెడల్పు సాధారణంగా 12 అంగుళాలు, పొడవు 12 లేదా 24 అంగుళాలు. లంగా, పంజాబీ దుస్తు వంటివాటి పెద్ద భాగాలు అందులో ఇమడవు. సాధారణంగా ఒకసారి ఒక పొర మాత్రమే కత్తిరిస్తారు.

ఈ వివరాల నుంచి తేలే విషయం స్పష్టం. సంఖ్యాపరంగా ఈ యంత్రం అనుభవజ్ఞుడైన దర్జీతో పోటీ పడలేదు. దర్జీ పొరలుగా పేర్చి ఒక్క కోతతో అనేక ముక్కలు తీయగలడు. యంత్రం బలం వేరే చోట ఉంది. చిన్న సంచులు, పర్సులు, పిల్లల బొమ్మలు, బట్టపై అతికించి కుట్టే పూలు, ఆకులు వంటి చిన్న వస్తువులకు ఒకే రూపాన్ని ఎన్నిసార్లయినా తేడా లేకుండా కత్తిరించడం, కుట్టుగీతను చెరిగిపోయే సిరాతో గుర్తించడం దాని ప్రత్యేకత. కత్తిరింపు నేర్వని స్త్రీకి కూడా ‘బట్ట పోతుంది’ అనే భయం తగ్గుతుంది. అయితే పడుగు ఎటు ఉందో చూసి బట్టను చాపపై సరిగా పరచే వివేకం యంత్రానికి లేదు. ఆ పని నేటికీ మనిషిదే. లోపల అదనపు బట్ట వదలాలన్నా ఆ సంగతి నమూనాలో ముందుగా రాసి ఉండాలి.

చిన్న కుట్టుపని చిన్న విషయం కాదని 2020 సంవత్సరం నిరూపించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతి వ్యక్తికి 3 చొప్పున సుమారు 16 కోట్ల మాస్కులు పంపిణీ చేయాలని సంకల్పించి, వాటి కుట్టుపనిని మహిళా స్వయంసహాయక సంఘాలకు అప్పగించింది. ఒకే రూపం, ఒకే కొలత గల చిన్న ముక్క లక్షల ఇళ్ల శ్రమను ఒకే పనిలోకి తేగలదని ఆ సందర్భం తెలిపింది. అలాంటి పనిలో కత్తిరించిన ముక్కలు వస్తేగాని మిషను కదలదు.

7. నమూనా ఎక్కడ ఉంది?

యంత్రం కత్తిరించేది బట్టను. అనుసరించేది ఒక డిజిటల్ నమూనాను. ఆ నమూనా సాధారణంగా తయారీసంస్థ అనువర్తనం ద్వారానే యంత్రానికి చేరుతుంది. 2021 మార్చిలో క్రికట్ సంస్థ, చందా కట్టని వినియోగదారులు నెలకు 20 సొంత నమూనాలను మాత్రమే అనువర్తనంలో చేర్చగలరని ప్రకటించింది. వినియోగదారుల తీవ్ర నిరసన వల్ల కొద్దిరోజులలోనే ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది. నిర్ణయం అమలు కాకపోయినా ఆ సంఘటన ఒక సత్యాన్ని వెల్లడించింది. యంత్రాన్ని పూర్తి ధర చెల్లించి కొన్నా, దానికి తన సొంత రూపాన్ని అందించే హక్కు కొన్నవారి చేతిలో పూర్తిగా ఉండకపోవచ్చు. మగ్గం సొంతమైనా మచ్చు సొంతం కాని నేతగాని స్థితి, సూది సొంతమైనా బల్లగుడ్డ సొంతం కాని లేసుకార్మికురాలి స్థితి ఇక్కడ గుర్తుకు రాక మానవు.

ఈ ప్రశ్న కోనసీమకు దూరమైనది కాదు. అంతర్వేది ఉన్న సఖినేటిపల్లి మండలంలోనే మోరి గ్రామం ఉంది. నేతకు, జీడిపప్పు పరిశ్రమకు పేరుగాంచిన ఈ గ్రామం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ సహకారంతో స్మార్ట్ గ్రామంగా ఎంపికైంది. 2016 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సేవలు ఇక్కడే ప్రారంభమయ్యాయి. నేతగాని ఇంటికి వేగవంతమైన అంతర్జాల సౌకర్యం చేరిన తొలి గ్రామాలలో మోరి ఒకటి. నమూనా దారం మూటతోపాటు పంటు దాటి వచ్చే కాలం నుంచి తీగ ద్వారా క్షణంలో వచ్చే కాలానికి ఈ మండలం మారింది. తీగ నమూనాను ఇంటికి తేగలదు. ఇంటి నమూనాను బయటి విపణికి కూడా తీసుకుపోగలదు. ఈ రెండింటిలో ఏది జరుగుతుందనేది తీగ నిర్ణయించదు. దాన్ని వాడుకునే వ్యవస్థ నిర్ణయిస్తుంది.

ఇక్కడ ఆది జాకెట్టు సంప్రదాయం ఒక ఆచరణయోగ్యమైన మార్గాన్ని సూచిస్తుంది. ఆది తత్త్వాన్ని డిజిటల్ నమూనాకు అన్వయించవచ్చు. సంఘంలోని స్త్రీలు తమ రూపాలను, లేసు పూల ఆకృతులను ఏ యంత్రమైనా చదవగల బహిరంగ రూపంలో గీసి భద్రపరచుకుంటే, ఆ నమూనాలు ఒక సంస్థ అనువర్తనానికి బందీ కావు. నచ్చని దర్జీ నుంచి ఆదిని వెనక్కు తెచ్చుకున్నట్లే నచ్చని యంత్రం నుంచి నమూనాను వెనక్కు తెచ్చుకోవచ్చు. యంత్రం ధర ఒక్క ఇంటికి భారమైనా సహకార సంఘానికి సాధ్యమే. బట్టతో కత్తిరించిన మధ్యభాగానికి చేతి క్రోషే అంచు చేర్చిన వస్తువులలో యంత్రం, చేతిపని ఒకదాని స్థానాన్ని మరొకటి ఆక్రమించకుండా కలిసి నిలవగలవు. నిజమైన క్రోషే అల్లికను పూర్తిగా అనుకరించే యంత్రం వాణిజ్యస్థాయిలో ఇంతవరకు స్థిరపడలేదు కాబట్టి అంచు విలువ చేతిదిగానే మిగులుతుంది.

8. ఉపసంహారం

అంతర్వేది – నరసాపురం తీరపు వస్త్రచరిత్రలో మూడు సందర్భాలు పరిశీలనకు వచ్చాయి. మాదపోలం వర్తకంలో నేతగాని ఇంట నేసిన తాను విదేశంలో కత్తెరకు లోనైంది. మచ్చు కంపెనీ వద్ద నిలిచింది. లేసు పరిశ్రమలో చేతిపని, అతుకుపని స్త్రీల ఇళ్లలో జరిగాయి. వస్తువు రూపం వర్తకుని నిర్ణయానికి లోబడింది. ఇంటి కత్తిరింపు యంత్రం కత్తెరను ఇంటికి చేర్చింది; నమూనాను ఇంటికి చేర్చే విషయం ఇంకా తేలలేదు. ఈ మూడింటికీ భిన్నంగా ఆది జాకెట్టు సంప్రదాయంలో నమూనా స్త్రీ వద్దనే ఉండి, కత్తెర పట్టినవాడే ఆమె నమూనాను అనుసరించాడు.

పనిముట్టు ఇంటికి రావడం వల్లనే గృహశ్రమకు స్వాతంత్ర్యం లభించదని ఈ చరిత్ర స్పష్టం చేస్తున్నది. మగ్గం, కొక్కెపు సూది, కుట్టుమిషను ఇళ్లలోనే ఉన్నాయి. అయినా నిర్ణయం బయటే జరిగింది. కత్తిరింపు యంత్రాల పంపిణీని, శిక్షణను రూపొందించే సంస్థలు నమూనాల సృష్టిని, యాజమాన్యాన్ని కూడా వాటిలో భాగం చేయవలసి ఉంది. తెలుగు వస్త్రచరిత్ర పరిశోధనలో నేత, అద్దకం, అల్లికలతో సమానంగా కత్తిరింపుకు కూడా స్థానం కల్పించడం అవసరం. దర్జీల మౌఖిక పరిజ్ఞానం, ఆది జాకెట్టు వంటి ఆచారాలు, లేసుకార్మికుల నమూనాలు నమోదు కాకుండానే మరుగయ్యే ప్రమాదం ఉంది. వశిష్ఠ రెండు గట్లలోని కళాశాలల పరిశోధకులు క్షేత్రస్థాయిలో చేపట్టదగిన పని ఇది.